లినక్స్‌లో డయలప్ కలవట్లేదా? కీబోర్డు వదిలి ముందు చెవి పెట్టండి

డయలప్ అంటే మామూలు ఫోన్ లైను మీద ఇంకో కంప్యూటరుకి ఫోన్ చేసి కలవడం, ఆ ఫోన్ చేసి డేటాని చప్పుళ్లుగా మార్చి పంపే పరికరం మోడెమ్. అది కలవకపోతే మనలో చాలామంది చేసే మొదటి పని ఈటీసీ ఫోల్డరులోకి దూరి కాన్ఫిగరేషన్ ఫైళ్లు కెలకడం. నిజానికి అది ఆఖర్న చెయ్యాల్సిన పని. మోడెమ్‌లో ఒక చిన్న స్పీకరు ఉంటుంది. డయల్ చేస్తున్నంతసేపూ అది ఏం వినిపిస్తోందో శ్రద్ధగా వింటే, తప్పు గోడ దగ్గరుందా, తీగలో ఉందా, అవతలి కంప్యూటర్లో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది. తెర మీద వచ్చే ఎర్రర్ మెసేజీ కంటే ఆ చప్పుడునే నేను ఎక్కువ నమ్ముతాను. మెసేజీ నాలుగు రకాల తప్పులకీ ఒకే మాట చెబుతుంది. చప్పుడు అలా కాదు, దేనిది దానికే వేరు.

ఈ రోజుల్లో ఇంకా డయలప్ ఏమిటని మీరు అడగొచ్చు. ఫోన్ లైను తప్ప వేరే దారి లేని పాత యంత్రాన్ని దూరం నుంచి చూసుకోవలసినవాళ్లు ఉన్నారు. పాత కంప్యూటర్లని బతికించుకోవడం సరదాగా పెట్టుకున్నవాళ్లున్నారు. నెట్‌వర్కింగ్‌ని అడుగు నుంచి నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలకైతే ఇంతకంటే మంచి బడి లేదు. వైఫైలో కనపడకుండా జరిగిపోయే ప్రతి మెట్టూ ఇక్కడ వినపడుతుంది. మన దేశంలో 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ని జనానికి ఇచ్చింది ఇలాగే. 172233 కొట్టి బీఎస్ఎన్ఎల్ వాళ్ల సంచార్‌నెట్‌లోకి వెళ్లినవాళ్లకి ఆ కీచుమనే చప్పుడు గుర్తుండే ఉంటుంది.

ఉదాహరణకి మీ లినక్స్ కంప్యూటరు గుంటూరు బ్రాడీపేటలో ఉందనుకుందాం. అది విజయవాడ సత్యనారాయణపురంలో మోడెమ్ తగిలించి ఉంచిన మీ రెండో కంప్యూటరుకి ఫోన్ చెయ్యాలి. అవతల సర్వీసు ప్రొవైడరున్నా, ఆఫీసు సర్వరున్నా మెట్లు ఇవే.

కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్లో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావలసిన చోట చెబుతాను.

గోడ దగ్గర

మోడెమ్ పీకేసి, అదే సాకెట్టులో మామూలు ఫోన్ పెట్టండి. డయల్ టోన్ వచ్చిందా? వస్తే అక్కడితో లేచిపోకండి. ఏదో ఒక అంకె నొక్కండి. టోన్ ఆగిపోయి లైను నిశ్శబ్దం అవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని కొన్ని క్షణాలు వినండి. గరగర, చిటపట, బుయ్యిమనే మోత, సన్నగా పక్కింటివాళ్ల మాటలు, వీటిలో ఏది వినిపించినా మోడెమ్‌కి చిక్కే. మనుషులు గరగరలోనూ మాట్లాడుకోగలరు, ఒక మాట పోతే మళ్లీ అడుగుతారు. మోడెమ్ కూడా మళ్లీ అడుగుతుంది కానీ, అలా అడిగీ అడిగీ వేగం తగ్గించుకుని, చివరికి ఫోన్ పెట్టేస్తుంది.

గరగర ఉంటే ఇంటి లోపలి వైరింగ్‌ని ముందు అనుమానించండి. వీధిలోంచి వచ్చే తీగ మొదట చేరే రోసెట్ పెట్టె దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి గదుల్లోకి పోయే తీగలన్నీ ఊడదీసి, ఫోన్‌ని నేరుగా రోసెట్‌కే తగిలించండి. గరగర పోయిందంటే తప్పు మీ ఇంట్లోనే ఉంది. మేడ మీదికి లాగిన ఎక్స్‌టెన్షనో, తలుపు సందులో నలిగిన తీగో, పాత కాలర్ ఐడీ డబ్బానో అయ్యుంటుంది. అదే లైను మీద ఒకప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ఉండేదైతే దాని స్ప్లిటర్ ఇంకా వేలాడుతోందేమో చూడండి. బ్రాడ్‌బ్యాండ్ ఇంకా నడుస్తుంటే మాత్రం మోడెమ్‌ని స్ప్లిటర్‌లో ఫోన్ వైపు సాకెట్టుకే పెట్టాలి.

రోసెట్ దగ్గర కూడా గరగర ఉంటే తప్పు బయటిది. వాన పడ్డ రోజు మొదలై ఎండ కాయగానే మాయమైతే ఎక్కడో కేబుల్ జాయింటులో నీళ్లు చేరినట్టే. విజయవాడ కృష్ణలంక లాంటి పల్లపు చోట్ల ఉన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఇక్కడో లౌక్యం ఉంది. లైన్‌మన్ వచ్చినప్పుడు ‘అన్నా, కంప్యూటర్ కనెక్ట్ కావట్లేదు’ అనకండి. అది మా పని కాదంటాడు, ఆ మాటలో న్యాయమూ ఉంది. ‘అన్నా, లైన్లో గరగర వస్తోంది, అంకె నొక్కి విను’ అని ఫోన్ చేతికివ్వండి. తన చెవికి వినిపించిన తప్పుని ఏ లైన్‌మనూ వదిలెయ్యడు. వీధిలో ఇళ్లకి తీగలు పంచే డీపీ పెట్టెలోనో, స్తంభం మీద నుంచి ఇంటికి దిగే డ్రాప్ వైరు ముడి దగ్గరో వెతుకుతాడు.

మల్టీమీటర్ ఉంటే రోసెట్‌లోని రెండు స్క్రూల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు 48 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. రిసీవర్ ఎత్తగానే బాగా పడిపోయి పది వోల్టుల దరిదాపుల్లోకి రావాలి. తడి చేతులతో ముట్టుకోకండి. సరిగ్గా అప్పుడే ఎవరైనా ఫోన్ చేస్తే, రింగు కోసం వచ్చే కరెంటు 75 వోల్టుల ఏసీ. ప్రాణం తియ్యదు గానీ స్టూలు మీంచి కిందికి దించుతుంది.

ఇక ఈ కాలపు చిక్కు. మీ ల్యాండ్‌లైన్ నంబరు పాతదే కావచ్చు, తీగ కూడా పాతదేనా? ఊళ్లో చాలా ఇళ్లలో రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు. ఫోన్ ఇప్పుడు ఫైబర్ డబ్బా వెనకున్న సాకెట్టులోంచి వస్తుంది. తెలుసుకోవడం తేలిక. కరెంటు పోయినప్పుడు రిసీవర్ ఎత్తండి, ఇన్వర్టర్ ఉంటే ఆ ఫైబర్ డబ్బా ప్లగ్గు పీకి చూడండి. రాగి తీగ ఫోన్ ఎక్స్‌చేంజీ బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి టోన్ వస్తూనే ఉంటుంది. ఫైబర్ ఫోన్ అయితే చచ్చిపోతుంది. ఫైబర్ మీద గొంతు ప్యాకెట్లుగా వెళుతుంది. మనిషి గొంతుకని నొక్కి పిండి పంపే జీ.729 లాంటి కోడెక్ వాడితే మోడెమ్ అరుపుల్లో అవతలికి చేరేది ఏమీ ఉండదు. గొంతుని అంతగా నొక్కని జీ.711 అయితే ఆశ ఉంది. అయినా ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనా మోడెమ్ తడబడుతుంది. అలాంటి లైను మీద సెకనుకి 33,600 బిట్ల వేగం కోసం పట్టుబట్టకుండా 14,400కో 9,600కో దిగండి. ఎలాగో కింద చెబుతాను.

మోడెమ్ ఏ జాతిది

లైను బాగుందని తేలాక మోడెమ్ వైపు తిరగండి. వెనక రెండు సాకెట్లుంటాయి, ఒకటి లైను, ఒకటి ఫోన్. గోడ నుంచి వచ్చే తీగ లైను అన్నదాంట్లోకే పోవాలి. ఇది చెప్పాలా అనుకోకండి.

ఆ తర్వాత జాతి చూసుకోవాలి. బయట పెట్టే సీరియల్ మోడెమ్, లైట్లు వెలిగే డబ్బా, లినక్స్‌కి ప్రాణ స్నేహితుడు. డ్రైవరంటూ ఏమీ అక్కర్లేదు. యూఎస్‌బీ మోడెమ్‌లలో నిజమైన హార్డ్‌వేర్ ఉన్నవి, ఉదాహరణకి యూఎస్ రోబోటిక్స్ 5637, పెట్టగానే టీటీవైఏసీఎం0 అన్న పేరుతో కనిపిస్తాయి. కంప్యూటరు లోపల కార్డుగానో, పాత ల్యాప్‌టాప్‌లోనో ఉండే మోడెమ్‌లు ఎక్కువగా విన్‌మోడెమ్‌లు. వాటిలో మోడెమ్ చెయ్యాల్సిన లెక్కలన్నీ కంప్యూటర్ ప్రాసెసర్ చేత విండోస్ డ్రైవర్ చేయిస్తుంది. లినక్స్‌కి అలాంటి డ్రైవర్లు కొన్ని ఉండేవి. ల్యూసెంట్ చిప్పులకి ఎల్‌టీమోడెమ్, కోనెక్సంట్‌కి హెచ్ఎస్ఎఫ్ మోడెమ్, స్మార్ట్‌లింక్‌కి ఎస్ఎల్‌మోడెమ్‌డీ. ఇవి పాత కెర్నెళ్లకి రాసినవి. ఎస్ఎల్‌మోడెమ్‌డీ అయితే 32 బిట్ల ముక్క ఒకటి వెంటేసుకుని తిరుగుతుంది. నా సలహా సూటిగా చెబుతాను. లోపలి కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి, లోపల ఉన్నది విన్‌మోడెమ్ అని తేలితే దానితో కుస్తీ పట్టకండి. పాత సామాన్ల షాపులో బయటి మోడెమ్ ఒకటి వెతుక్కోండి. దాని అడాప్టర్ కూడా కలిపి అడగండి. అడాప్టర్ విడిగా దొరకడం కష్టం. కొన్ని మోడెమ్‌లు డీసీ కాకుండా ఏసీ అడాప్టర్‌తో నడుస్తాయి కాబట్టి దొరికిందల్లా గుచ్చడానికీ లేదు.

మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య సీరియల్ కేబుల్ తిన్నగా ఉండేదే వాడాలి. రెండు కంప్యూటర్లని ఒకదానికొకటి కలిపే నల్ మోడెమ్ కేబుల్ చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. మూడే తీగలున్న చవక కేబుల్ ఇంకా మోసం చేస్తుంది. ఏటీ అని పలకరిస్తే (ఈ కమాండ్ కింద వస్తుంది) ఓకే అంటుంది, కనెక్ట్ కూడా అవుతుంది, పెద్ద ఫైలు దింపుకోగానే చెడిపోతుంది. డేటా ఆపమని, పంపమని చెప్పే తీగలు అందులో ఉండవు.

పోర్టు ఎవరి చేతిలో ఉంది

మోడెమ్ పెట్టి, ఆన్ చేసి, టెర్మినల్లో సుడో డీమెసేజ్ చూడండి. కమాండ్‌గా కొట్టేటప్పుడు డీ, ఎం, ఈ, ఎస్, జీ అని ఐదక్షరాలే. కంప్యూటర్‌కి వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటే అది డెవ్ ఫోల్డరులో టీటీవైఎస్0. విండోస్‌వాళ్లు కామ్1 అనేది ఇదే. ఇందులో ఎస్ ఒక్కటే పెద్దక్షరం. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ వాడితే టీటీవైయూఎస్‌బీ0, దీంట్లో చివరి మూడక్షరాలూ పెద్దవి. ఏసీఎం0లో కూడా అంతే.

కేబుల్ పెట్టగానే టీటీవైయూఎస్‌బీ0 అని వచ్చి, వెంటనే డిస్‌కనెక్టెడ్ అని వస్తోందా? దుకాణాల్లో దొరికే చవక కేబుళ్లలో ఎక్కువగా సీహెచ్340 చిప్పు ఉంటుంది. ఉబుంటు 22.04లో బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఆ చిప్పుని చూసి అంధులు వాడే బ్రెయిలీ యంత్రమనుకుని లాక్కుపోతుంది. మీ ఇంట్లో బ్రెయిలీ యంత్రం లేకపోతే ఏపీటీతో ఆ ప్యాకేజీ తీసేసి, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. దీని దెబ్బకి బాగున్న కేబుల్‌ని మార్చి తెచ్చుకున్నవాళ్లున్నారు.

పర్మిషన్ డినైడ్ అంటే మీ యూజర్ డయలౌట్ గ్రూపులో లేరని. సుడో యాడ్‌యూజర్, మీ యూజర్ పేరు, డయలౌట్ అని వరసగా కొట్టి, లాగౌట్ అయ్యి మళ్లీ రండి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. డివైస్ బిజీ అంటే ఇంకెవరో పోర్టు పట్టుకుని కూర్చున్నారు. ఫ్యూజర్ కమాండ్‌కి పోర్టు పేరిస్తే ఎవరో చెబుతుంది. చాలాసార్లు దొంగ మోడెమ్ మేనేజర్. అది మొబైల్ డాంగిళ్ల కోసం ఉంది. సీరియల్ పోర్టు కనపడితే చాలు, అదీ తన డాంగిలేనేమో అని ఏటీ కమాండ్లు పంపి కదిలిస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెమ్‌మేనేజర్ అని ఆపండి. రెండు ఎంలూ పెద్దక్షరాలు. కంప్యూటరు మధ్యలో ఆగిపోయినప్పుడు వార్ ఫోల్డరులోని లాక్ ఫోల్డరులో ఎల్‌సీకే అని మొదలయ్యే పాత తాళం ఫైలు మిగిలిపోవడం కూడా ఉంది. ఎవరూ వాడట్లేదని తేల్చుకున్నాకే దాన్ని చెరిపెయ్యండి.

మోడెమ్‌తో ముఖాముఖి

ఇప్పుడు మోడెమ్‌తో నేరుగా మాట్లాడించే మినీకామ్ ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసుకోండి. మినీకామ్, హైఫన్ డీ, పోర్టు పేరు. ఈ డీ పెద్దది. తెర ఖాళీగా వస్తుంది. ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. రెండక్షరాలూ పెద్దవైనా సరే, చిన్నవైనా సరే, కలగాపులగం చెయ్యకండి. ఓకే అని జవాబు రావాలి. అది వచ్చిందంటే కంప్యూటరు, కేబుల్, పోర్టు, మోడెమ్ మెదడు అన్నీ బాగున్నట్టే. ఇక ఆ వైపు మళ్లీ చూడక్కర్లేదు. రాకపోతే కేబుల్, పోర్టు పేరు, అడాప్టర్ ఈ వరసలో చూడండి. చెత్త అక్షరాలొస్తే వేగం కుదరలేదు. మినీకామ్‌లో కంట్రోల్ ఏ, తర్వాత జెడ్ నొక్కితే వచ్చే మెనూలో 115200కో 9600కో మార్చండి.

ఏటీ&ఎఫ్ కొడితే మోడెమ్ ఫ్యాక్టరీ సెట్టింగులకి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ మోడెమ్‌కి ఇది తప్పనిసరి, వెనకటి యజమాని ఏం దాచిపెట్టాడో మనకి తెలీదు కదా. తర్వాత ఏటీఎం1ఎల్3 అంటే స్పీకరు గట్టిగా పలుకుతుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, ఈ పూటకి భరించమనండి.

ఏటీహెచ్1 కొట్టండి. లోపల రిలే టిక్‌మంటుంది, మోడెమ్ రిసీవర్ ఎత్తినట్టు. స్పీకర్లో డయల్ టోన్ వినిపించాలి. ఫోన్‌లో టోన్ ఉండి, మోడెమ్‌లో టిక్కు వినిపించి, టోన్ మాత్రం రాకపోతే లైను వైపు భాగాలు కాలిపోయి ఉండొచ్చు. వేసవి చివర ఉరుముల గాలివానలకి మోడెమ్‌లు పోయేది ఇలాగే. ఏటీకి ఓకే అంటూనే ఉంటాయి, చెవులు మాత్రం పోయి ఉంటాయి. మబ్బు పట్టగానే కరెంటు ప్లగ్గొక్కటే పీకితే చాలదు, ఫోన్ తీగ కూడా పీకాలి. ఏటీహెచ్0 అంటే ఫోన్ పెట్టేస్తుంది.

టోన్ మీకు వినిపిస్తోంది, అయినా డయల్ చెయ్యబోతే మోడెమ్ నో డయల్‌టోన్ అంటోంది. ఇది మన దేశంలో పాత జబ్బే. మన ఎక్స్‌చేంజీల డయల్ టోన్ 400 హెర్ట్‌జ్, దాని మీద 25 హెర్ట్‌జ్ అల. అందుకే మన టోన్ తిన్నగా కాకుండా గుర్రు పెట్టినట్టు ఉంటుంది. అమెరికా లైన్లకి తయారైన మోడెమ్ 350, 440 హెర్ట్‌జ్‌ల జంట కోసం చెవులు రిక్కించి, ఇది టోనే కాదని తేల్చేస్తుంది. మందు ఏటీఎక్స్3. టోన్ కోసం చూడకుండా డయల్ చెయ్యి, ఎంగేజ్ టోన్ మాత్రం గుర్తుపట్టు అని దానర్థం. దీన్ని తర్వాత కాన్ఫిగరేషన్‌లో కూడా పెట్టాలి.

డయల్ చెయ్యడం

మొదటి డయల్ అవతలి మోడెమ్‌కి కాదు, మీ సెల్‌ఫోన్‌కే చెయ్యండి. ఏటీడీటీ, సున్నా, మీ పదంకెల నంబరు, చివర సెమీకోలన్. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా పెట్టాలన్న నియమం 2021 జనవరి 15 నుంచి ఉంది. పాత అలవాటులో దాన్ని మర్చిపోతే స్పీకర్లో రికార్డు గొంతు వినిపిస్తుంది. సెమీకోలన్ ఉంటే మోడెమ్ అవతలి కీచు కోసం కాచుక్కూర్చోకుండా కమాండ్లకి తిరిగొస్తుంది. మీ సెల్ మోగిందంటే డయలింగ్ పక్కా. ఏటీహెచ్ కొట్టి పెట్టెయ్యండి. టోన్ డయలింగ్‌ని ఎక్స్‌చేంజీ పట్టించుకోకపోతే ఏటీడీపీతో పల్స్ ప్రయత్నించండి. ఆ టకటకలు వినడానికి బాగుంటాయి.

ఇప్పుడు అసలు నంబరు. గుంటూరు నుంచి విజయవాడకి 0866, తర్వాత ఏడంకెలు. విజయవాడ నుంచి గుంటూరుకైతే 0863. పాత స్క్రిప్టు ఎక్కడి నుంచో తెచ్చుకుంటే అందులో 95866 అని ఉండొచ్చు. ఒకప్పుడు దగ్గరి ఊళ్లకి సున్నా బదులు 95 కొట్టేవాళ్లం, ఆ పద్ధతి పోయింది. ఆరంకెల నంబరు కనిపిస్తే ముందు 2 చేర్చాలి. ఆఫీసులో ఇంటర్‌కమ్ బోర్డు ద్వారా బయటికి పోవాలంటే సున్నా తర్వాత ఒక కామా పెట్టండి. కామా అంటే రెండు సెకన్లు ఆగమని.

డయల్ అయ్యాక ఏం వినిపిస్తోందో చూసుకోండి. రికార్డు గొంతు మాట్లాడుతోందంటే నంబరు తప్పు, లేదా మీ లైనుకి ఎస్‌టీడీ తాళం వేసి ఉంది. మోడెమ్‌కి ఆ మాటలు అర్థం కావు, కాసేపు ఆగి నో క్యారియర్, అంటే అవతలి మోడెమ్ కూత అందలేదు, అంటుంది. తెర చూసుకునేవాడు మోడెమ్‌ని తిడతాడు, వినేవాడు తాళం తీయిస్తాడు. రింగవుతూనే ఉండి ఎవరూ ఎత్తకపోతే తప్పు విజయవాడలో ఉంది. అక్కడి కంప్యూటర్లో ఫోన్ ఎత్తాల్సిన ఎంగెట్టీ ప్రోగ్రాం నడుస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, అయితే ఆ ఫోన్ వేరే నంబరుకి చెయ్యండి. ‘హలో, హలో’ అని వినిపిస్తే అక్కడ పెద్దమ్మగారు ఎత్తారన్నమాట. మోడెమ్ కీచుకి ఆవిడ జడుసుకోకముందే పెట్టెయ్యండి.

అవతలి మోడెమ్ ఎత్తితే ముందు సన్నని ఒకటే కూత వస్తుంది. 2100 హెర్ట్‌జ్ ఆన్సర్ టోన్ అది. తర్వాత రెండూ మార్చి మార్చి కూసి, చివర్లో జోరువాన లాంటి హోరు. ఆ హోరు తర్వాత స్పీకరు ఆగిపోతే కనెక్ట్ అయినట్టు. కూత వచ్చింది, హోరు రాలేదు, మళ్లీ మళ్లీ మొదటికే వస్తోంది అంటే లైను వేగాన్ని మొయ్యట్లేదు. కోనెక్సంట్ చిప్పులున్న మోడెమ్‌లలో ఏటీ+ఎంఎస్=వీ34 అని, ఇంకా దిగాలంటే వీ32బీ అని పెట్టొచ్చు. వీ32బీ గరిష్ఠం 14,400. యూఎస్ రోబోటిక్స్‌లో ఇదే పనికి ఏటీ&ఎన్ ఉంది, అంకెలకి మాన్యువల్ చూడండి. అవతలివాళ్లు ఎత్తడం ఆలస్యమైతే ఏటీఎస్7=90 అని ఓపిక పెంచండి.

56కే అని డబ్బా మీద రాసుంది, 31200కే కలిసిందేమని బాధపడకండి. ఆ 56కే రావాలంటే అవతలి కొస ఎక్స్‌చేంజీకి డిజిటల్‌గా కలిసి ఉండాలి, సర్వీసు ప్రొవైడర్లు చేసేదదే. రెండు వైపులా మామూలు ఇళ్ల లైన్లయితే 33,600 దాటదు. ఇక 115200 అని కనిపిస్తే అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం, లైనుది కాదు.

పీపీపీ దగ్గర

ఫోన్ కలిశాక రెండు కంప్యూటర్లూ నెట్‌వర్క్ డేటా మార్చుకునే భాష పీపీపీ. ఇంతవరకు వచ్చాక గానీ కాన్ఫిగరేషన్ ఫైలు తెరవకండి. మినీకామ్ మూసేసి, డయల్ చేసి పీపీపీ మొదలుపెట్టే డబ్ల్యువీడయల్ ప్రోగ్రాం పెట్టుకోండి. సుడో డబ్ల్యువీడయల్‌కాన్ఫ్ అంటే అదే మోడెమ్‌ని వెతికి ఈటీసీ ఫోల్డరులో డబ్ల్యువీడయల్.కాన్ఫ్ ఫైలు రాస్తుంది. అందులో ఫోన్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వరసల ముందు సెమీకోలన్ ఉంటుంది. నంబరు నింపి సెమీకోలన్ తియ్యడం మర్చిపోతే ఆ వరస లేనట్టే లెక్క. ఇనిట్3 అని ఒక వరస చేర్చి ఏటీఎక్స్3 ఇవ్వండి. స్టుపిడ్ మోడ్ = 1 అని కూడా పెట్టండి. పేరు చూసి చిన్నబోకండి. కనెక్ట్ కాగానే లాగిన్ ప్రశ్నల కోసం ఎదురుచూడకుండా నేరుగా పీపీపీ మొదలుపెట్టమని చెప్పడమే అది. ఎక్కువ చోట్ల అదే కావాలి. ఇక సుడో డబ్ల్యువీడయల్ అని కొట్టి డయల్ చెయ్యండి.

కనెక్ట్ అయ్యి వెంటనే తెగిపోతే డబ్ల్యువీడయల్ చివర్లో పీపీపీ డెమన్ (వెనక నడిచే పీపీపీడీ ప్రోగ్రాం) చచ్చిపోయిందని ఒక ఎగ్జిట్ కోడ్ చెబుతుంది. ఆ అంకెని వదలకండి. 19 అంటే మీ యూజర్‌నేమో పాస్‌వర్డో అవతలివాళ్లు ఒప్పుకోలేదు. ప్రొవైడర్ల దగ్గర పేరు చివర @ తర్వాత భాగం కూడా అడగడం మామూలే. 16 అంటే మోడెమ్ ఫోన్ పెట్టేసింది, మళ్లీ గోడ దగ్గరికి పదండి. 10 అంటే పీపీపీ బేరం కుదరలేదు. దీనికి ముందు లాగ్‌లో ఎల్‌సీపీ టైమౌట్ అనో, సీరియల్ లైన్ 8-బిట్ క్లీన్ కాదనో ఉంటే అవతల ఇంకా లాగిన్ అని అక్షరాల్లో అడుగుతోంది, మీరేమో పీపీపీ మాట్లాడుతున్నారు. విజయవాడ కంప్యూటర్లో ఎంగెట్టీకి లాగిన్.కాన్ఫిగ్ ఫైలులో ఆటోపీపీపీ వరస తెరిచి ఉందా చూసుకోండి. అవతలి సిస్టమే తన్ను తాను రుజువు చేసుకోవాలి అన్న మెసేజీ వస్తే, మీ పీపీపీ ఆప్షన్స్‌లో నోఆత్ చేర్చాలి. మామూలుగా రుజువు అడగాల్సింది వాళ్లు, మనం కాదు.

కలిసింది, కానీ ఏ పేజీ తెరుచుకోవట్లేదు

ఐపీ ఏ కొట్టండి, పీపీపీ0 అని కనిపించి, అందులో రెండు అడ్రసులుండాలి, మీదీ అవతలిదీ. అవతలి అడ్రసుని పింగ్ చెయ్యండి. జవాబు రావడానికి సెకనులో పదో వంతు పైనే పడుతుంది, అది డయలప్ లక్షణం. విజయవాడ కంప్యూటరు వరకే మీ పనైతే ఇక్కడితో అయిపోయినట్టే. ఇంటర్నెట్టే కావాలంటే 8.8.8.8 పింగ్ చెయ్యండి. రాకపోతే ఐపీ రూట్ చూడండి, డిఫాల్ట్ దారి ఇంకా వైఫై వైపే ఉంటుంది. ఉన్న దారిని పీపీపీడీ తనంతట తాను తీసెయ్యదు, లాగ్‌లో ఒక్క వరస రాసి ఊరుకుంటుంది. వైఫై, ల్యాన్ ఆపేసి మళ్లీ డయల్ చెయ్యండి, లేదా రీప్లేస్‌డిఫాల్ట్‌రూట్ అన్న ఆప్షన్ ఇవ్వండి. అంకెలకి పింగ్ పోయి పేర్లకి పోకపోతే, పేర్లని అంకెలుగా మార్చే డీఎన్ఎస్ తప్పు. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షన్ ఉందో లేదో చూసి, ఈటీసీలోని రిజాల్వ్.కాన్ఫ్‌లో నేమ్‌సర్వర్ వరస రాసుకోండి.

అన్నీ సరిగ్గా ఉండి ప్రతి సైటూ సర్టిఫికెట్ తప్పంటే తేదీ చూడండి. పాత కంప్యూటర్లో సీమాస్ బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది.

నత్తనడక గురించి ఒక లెక్క. 33,600 బిట్లంటే సెకనుకి సుమారు 4,200 బైట్లు. ఒక ఎంబీకి నాలుగు నిమిషాలు పైనే. అందులో ఉబుంటు వెనక నుంచి అప్‌డేట్లు దింపుకుంటుంటే మీకు మిగిలేది ఏమీ ఉండదు. డయల్ చేసే ముందు అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఆపండి. నెట్‌హాగ్స్ పెట్టుకుంటే లైను ఎవరు తాగుతున్నారో పేరుతో సహా చూపిస్తుంది. చదువుకోవడానికి అక్షరాలు మాత్రమే చూపే లింక్స్ బ్రౌజర్ చాలు.

మధ్యమధ్యలో తెగిపోతుంటే ఇక్కడా ఎగ్జిట్ కోడే చూడండి. 12 అంటే కాసేపు వాడలేదని మీ పీపీపీనే తెంపింది, ఐడిల్ సెకన్లు పెంచండి. 15 అంటే అవతలి నుంచి పలుకు లేదు. 16 పదేపదే వస్తుంటే, ఇంట్లో ఎవరైనా పక్క గదిలో ఫోన్ ఎత్తుతున్నారా, కాల్ వెయిటింగ్ బీప్ వస్తోందా అని చూడండి. కాల్ వెయిటింగ్ తీయించెయ్యండి. బీప్‌కి కాసేపు క్యారియర్ పోయినా ఓర్చుకోమని మోడెమ్‌కి చెప్పాలంటే ఏటీఎస్10=50, అంటే ఐదు సెకన్లు. ఇనిట్4 వరసలో పెట్టుకోండి. ఇది పెట్టినా వానపడ్డ రోజుల్లోనే తెగుతుంటే ఇక కంప్యూటర్లో చెయ్యగలిగింది లేదు, లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యండి.